అంటుకొమ్మ ఆయుర్దాయము

అనంతపురము పీఠభూమిపై చీనీతోట వేయు రైతు తన సర్వస్వమును ఒక చిన్న కన్నుపై ఒడ్డుచున్నాడు. చీనీ యనగా బత్తాయి. అంటుకట్టువాడు సాతుగుడి చెట్టుకొమ్మనుండి ఒక కంటిని బెరడుతో సహా చెక్కి తీయును. రంగపూరు నిమ్మ మొక్క కాండమునకు గాని, జంబేరి మొక్క కాండమునకు గాని నిలువునను అడ్డముగను గాటు పెట్టి, బెరడు విప్పి, ఆ కంటిని అందు ఇమిడ్చి కట్టును. కన్ను చిగిర్చి మొక్కయగును, మొక్క చెట్టగును, అయిదవ యేటనో ఆరవ యేటనో కాపునకు వచ్చును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలపై, బోరుబావి ఎండిననాడు ట్యాంకరుతో నీరు తెచ్చి పోసి, రైతు ఆ అయిదేండ్లును కాచుకొనును. కన్ను తీసిన తల్లిచెట్టులో కంటికి కానరాని తెగులు దాగియున్నచో, ఆ సంగతి అతనికి తెలియునప్పటికి వడ్డీ పెరిగియుండును, తోట ఎండనారంభించియుండును.

తోట చెడినప్పుడు అనంతపురమున నింద మొట్టమొదట కరవుపై పడును. వాన లేదు, భూగర్భజలము లేదు, ఎండ మిక్కుటము. కారణమును వేరొకచోట వెదకవలెనన్న తలంపే రాదు. పెక్కుసారులు ఆ నింద న్యాయమైనదే. కొన్నిసారులు కాదు. చెట్టు క్షీణించుటకు ఎదుట కనబడు కారణము వేరు, కొమ్మలో దాగి వచ్చిన కారణము వేరు. ఈ రెంటిని విడదీయుటకై జీవితమంతయు వెచ్చించి, సగము గెలిచి, సగము ఓడిన యొక మహనీయుని చరిత్ర రాయలసీమ పాఠకులకు తెలియదగినది. ఆయన పేరు థామస్ ఆండ్రూ నైట్. ఆయన దేశము ఇంగ్లండు. ఆయన పెంచినవి చీనీచెట్లు కావు, బేరిచెట్లును ఆపిల్ చెట్లును.

అంటు కట్టుట క్రొత్త విద్య కాదు. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించి, ఒక చెట్టుకొమ్మను వేరొక చెట్టునకు అతికి మట్టి మెత్తు విధానమును చెప్పియున్నాడు. ఈ విద్యకు కారణము సులభమైనది. విత్తనమునుండి మొలచిన బేరిచెట్టు తల్లిపోలిక నిలుపుకొనునన్న నమ్మకము లేదు. తియ్యని పండులోని గింజను నాటినచో మొలచునది పులుపో వగరో ఎవరును ముందుగా చెప్పజాలరు. కనుక మంచి పండునిచ్చు చెట్టు దొరకినప్పుడు దాని కొమ్మనే తీసి వేరొక మొక్కపై అతుకుదురు. అట్లు పెరిగినది ఆ చెట్టునకు బిడ్డ కాదు. అది ఆ చెట్టే. నూరు తోటలలో వేయి చెట్లుగా కనబడుచున్నను, నిజమునకు ఒకే చెట్టు వేయి వేరుమొక్కలపై నిలిచియున్నది. అంటువిద్యయొక్క మహిమయు ఇదియే; దాని ప్రమాదమును ఇదియే.

ఇంగ్లండునకు పడమట, వేల్సు సరిహద్దున, హెరిఫర్డ్‌షైర్ అను మండలము కలదు. అచ్చట ఆపిల్ రసమును పులియబెట్టి సైడర్ అను పానీయమును, బేరిరసమును పులియబెట్టి పెర్రీ అను పానీయమును చేయుదురు. పూర్వము పొలములలో పనిచేయువారికి కూలిలో కొంతభాగమును సైడర్ రూపముననే కొలిచి ఇచ్చెడివారు. కావున తోట ఎండుట భూస్వామికే కాదు, కూలివానికిని నష్టమే. 17వ శతాబ్దమున స్కుడమోర్ ప్రభువు ఆదరణవలన రెడ్‌స్ట్రీక్ అను ఆపిల్ దేశమంతట పేరుగాంచెను. 1708లో జాన్ ఫిలిప్స్ అను కవి సైడర్‌నే వస్తువుగా గొని ఒక కావ్యము వ్రాసెను. ఆ మండలములోని హోమ్ లేసీ అను ఊర ఒక బేరిచెట్టు కొమ్మలు నేలకు వంగి, వేళ్లు తన్ని, మరల పైకిలేచి, 1790 నాటికి ముప్పాతిక ఎకరము నాక్రమించి, ఏటికి అయిదు మొదలు ఏడు టన్నుల పండ్లు కాచెనని ప్రసిద్ధి. కదిరి చేరువ గూటిబైలులో దాదాపు అయిదెకరముల మేర ఊడలు దింపిన తిమ్మమ్మ మర్రిమానును చూచినవారికి ఇది వింతగా తోచకపోవచ్చును. కాని మర్రికి అది స్వభావము. బేరికి అది అపురూపము.

అట్టి తోటల నడుమ, వార్మ్‌స్లీ గ్రేంజ్ అను గృహమున, 1759వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన నైట్ జన్మించెను. ఆయన తాత ఇనుపకొలుములు నడపి అపారధనము గడించినవాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. బాలుని అయిదవ యేటనే తండ్రి గతించెను. అన్నయగు రిచర్డ్ పేన్ నైట్ తరువాతి కాలమున గ్రీకు విద్యలోను ప్రాచీన కళాఖండముల సేకరణలోను ప్రసిద్ధికెక్కినవాడు. కాని తమ్ముని చదువును పట్టించుకొనువారు లేకపోయిరి. తొమ్మిదేండ్ల ప్రాయము వచ్చువరకు అతనికి చదువుట సరిగా రాదు. ఆ యేండ్లన్నియు అతడు పొలముల వెంటను తోటల వెంటను తిరుగుచు గడపెను.

ఆ కాలపు సంగతి యొకటి ఆయన చరిత్రకారులు చెప్పుదురు. తోటమాలి చిక్కుడుగింజలను మట్టిలో పూడ్చుచుండగా బాలుడు చూచి, ఎందుకని అడిగెను. అవి మొలచి మరల చిక్కుళ్లు కాయునని తోటమాలి చెప్పెను. కొన్నాళ్లకు ఆ మాట నిజమగుట చూచి, బాలుడు తన జేబులోని చిన్న కత్తిని మట్టిలో పాతి, అది మొలచి కత్తులు కాయునని కాచుకొనెను. కత్తి మొలవలేదు. చిక్కుడు ఏల మొలచినది, కత్తి ఏల మొలవలేదు అని అతడు ఆలోచింపసాగెను. విన్నదానిని నాటి చూచుట, చూచినదానికి కారణము నడుగుట అను స్వభావము ఆయనను డెబ్బది యెనిమిదేండ్ల ప్రాయమువరకును విడువలేదు.

లడ్లోలోను, పిదప చిజిక్‌లోను పాఠశాల చదువు ముగించి, ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చేరెను. పుస్తకములకంటె పొలముగట్లపై నడకయే ఆయనకు ప్రియము. సభలయందు మాటాడుటకు సంకోచించువాడు, నగరజీవితము గిట్టనివాడు. 1791లో ఫ్రాన్సెస్ ఫెల్టన్‌ను వివాహమాడి, ఎల్టన్ అను పల్లెలో కాపురము పెట్టెను. అచ్చట ఒక పొలము, ఒక తోట, మొక్కలను వెచ్చగా ఉంచు అద్దపుటిల్లు ఒకటి ఆయన ప్రయోగశాలయయ్యెను.

ఎల్టన్ చుట్టుపట్ల ప్రాచీన రకములన్నియు క్షీణించుచుండెను. తాతలనాడు బండ్లకొలది కాచిన రెడ్‌స్ట్రీక్ కొమ్మలపై పుండ్లు పడెను. గోల్డెన్ పిప్పిన్ అను మేలిరకము బెరడు చీలి, కొనలు ఎండి, పిడికెడు పండ్లు కూడ ఇచ్చుట లేదు. భూమి సారము తగ్గినదని కొందరు, గాలి మారినదని కొందరు, సేద్యము చెడినదని కొందరు చెప్పుచుండిరి. నైట్ ఈ మాటలలో దేనిని నమ్మను లేదు, త్రోసివేయను లేదు. ఆయన పరీక్షకు పూనుకొనెను.

ఆరోగ్యముగానున్న పడుచు మొక్కలను తెచ్చి, వాటిపై ముసలి రకముల కొమ్మలను అంటుకట్టెను. తొలి రెండు మూడేండ్లు అవి మిలమిలలాడుచు పెరిగెను. పిదప అదే పుండు, అదే క్షయము. నేల మార్చినను, ఎరువు మార్చినను ఫలితము మారలేదు. వేరొకవైపు, ముసలి చెట్ల మొదళ్లపై క్రొత్తరకపు కొమ్మలు కట్టగా, అవి నిక్షేపముగా పెరిగెను. కనుక దోషము నేలలో లేదు, వేరుమొక్కలో లేదు. అంటుకొమ్మలోనే కలదని ఆయనకు నిశ్చయమయ్యెను. ఈ నిశ్చయము నేటికిని చెక్కుచెదరలేదు.

ఆ దోషమేది యను ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానము వేరు. అది ముదిమి యని ఆయన తలంచెను. ఒక్క గింజనుండి పుట్టిన చెట్టునకు ప్రకృతి యొక ఆయుర్దాయమును నిర్ణయించియున్నది. ఆ చెట్టు కొమ్మలను వేయిచోట్ల అతికినను అవన్నియు ఆ చెట్టు వయస్సునే మోయుచున్నవి. మూలవృక్షము మరణింపవలసిన కాలమునకు అటు ఇటుగా దాని అంటులన్నియు మరణింపవలసినదే. ఇట్లనుటకు ఆయనకు బలమైన ఆధారము లేకపోలేదు. గింజనుండి మొలచిన పసిమొక్క కొమ్మను కాపుకాచు చెట్టుపై కట్టినను, ఆ కొమ్మ వెంటనే పూయదు. తన ఈడు వచ్చువరకు ఆగును. ఈ విషయమును ఆయన స్వయముగా గమనించెను, ఇది సత్యమే. పసితనము కొమ్మతో వచ్చుచుండగా ముసలితనము ఏల రాదు? ఈ వాదమున అడుగడుగు సక్రమముగనే కనబడును. ముదిమియు తెగులును వెలుపలికి ఒకే రూపమున కనబడుననుట ఒక్కటే ఆయన దృష్టికి రాలేదు.

1795లో సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు, రాయల్ సొసైటీ అధ్యక్షుడునైన సర్ జోసెఫ్ బ్యాంక్స్‌తో ఆయనకు పరిచయమేర్పడెను. పల్లెలో తనకు తోచినట్లు ప్రయోగములు చేసికొను ఈ మౌనియొక్క విలువను బ్యాంక్స్ గుర్తించి, వ్రాయుమని ప్రోత్సహించెను. ఆ యేటనే అంటుకట్టుటను గూర్చిన నైట్ వ్యాసము రాయల్ సొసైటీలో చదువబడెను. 1797లో ఆపిల్, బేరి చెట్ల పెంపకమును, సైడర్, పెర్రీల తయారిని గూర్చి ఆయన గ్రంథము వెలువడెను. బ్యాంక్స్ 1820లో మరణించువరకు వారి స్నేహము చెక్కుచెదరలేదు.

ముసలిరకములకు చావు తప్పదన్నచో ఉపాయమేమి? క్రొత్తరకములను పుట్టించుటయే. కాని దైవాధీనముగా దొరకు గింజలను నాటి కూర్చుండుట ఆయనకు రుచింపలేదు. ఒక రకపు పువ్వు విచ్చుకొనకముందే దాని కేసరములను తీసివేసి, వేరొక రకపు పుప్పొడిని దానిపై చల్లి, పుట్టిన గింజలను నాటెను. మేలిగుణములుగల యిద్దరు తలిదండ్రులను ఎన్నుకొని సంకరము చేయు ఈ పద్ధతిని పండ్లచెట్లలో క్రమముగా అనుసరించిన తొలివారిలో ఆయన యొకడు. ఆరెంజ్ పిప్పిన్, గోల్డెన్ పిప్పిన్‌ల సంకరమున డౌన్‌టన్ పిప్పిన్ పుట్టెను. ఒకే పండులోని రెండు గింజలనుండి ఎరుపు, పసుపు ఇంగెస్ట్రీ ఆపిల్‌లు పుట్టెను. చెర్రీలలో ఎల్టన్, బ్లాక్ ఈగిల్, స్ట్రాబెర్రీలలో డౌన్‌టన్, ఎల్టన్ అనునవి ఆయన యింటి సంతతియే. 1815లో వాటర్లూ యుద్ధము జరిగిన వేసవిలో పండిన యొక చెర్రీకి వాటర్లూ అని పేరు పెట్టిరి.

పండ్లచెట్టు ఫలితము చెప్పుటకు పదేండ్లు, బేరిచెట్టు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. మనుష్యుని ఆయువు చాలదు. కనుక సంకరధర్మమును త్వరగా తెలిసికొనుటకై ఆయన బఠాణీ మొక్కను ఎన్నుకొనెను. అది ఏటేట కాయును. రకములు స్పష్టముగా వేరుగా కనబడును. పుష్పనిర్మాణమువలన పరాయి పుప్పొడి సులభముగా చొరదు. తెల్లగింజల రకమునకు రంగుగింజల రకపు పుప్పొడి నీయగా తొలితరమున రంగే ప్రబలెను. ఆ సంతతిని మరల తెల్లరకముతో కలుపగా రెండు విధములును కనబడెను. 1799లో ఆయన దీనిని ప్రకటించెను. కాని ఏవి యెన్ని యని ఆయన లెక్కింపలేదు. 1865లో ఆస్ట్రియా సామ్రాజ్యములోని బ్రూన్ నగరమున గ్రెగర్ మెండెల్ అదే బఠాణీని పెంచి, గింజలను లెక్కించి, వంశానుగతి సూత్రములను కనుగొనెను. మహాద్వారముచెంతకు వచ్చి తలుపు తట్టక మరలినవారిలో నైట్ యొకడు.

ఆయన కీర్తికి మరొక ప్రయోగము మూలము. గింజను ఎట్లు నాటినను వేరు క్రిందికే పోవును, మొలక పైకే వచ్చును. ఇది భూమ్యాకర్షణవలన నగునా? తన తోటలో పారు వాగునీటిపై ఆయన యొక చిన్న చక్రమును నిలిపి, నానబెట్టిన చిక్కుడుగింజలను దాని అంచున అన్ని దిక్కులకు తిరుగునట్లు కట్టెను. చక్రము నిమిషమునకు 150 చుట్లు తిరుగుచుండెను. కొన్ని దినములలో వేళ్లన్నియు చక్రమునకు వెలుపలివైపునకు, మొలకలన్నియు ఇరుసువైపునకు తిరిగెను. ఆకర్షణబలమునకు మారుగా చక్రభ్రమణబలమును పెట్టగా మొక్క దానినే అనుసరించెను. 1806లో ఈ ప్రయోగము ప్రకటింపబడెను. ఆ యేడే రాయల్ సొసైటీవారి కోప్లీ పతకము ఆయనకు లభించెను. సరిగా ఆ కాలముననే దత్తమండలముల ప్రధాన కలెక్టరైన థామస్ మన్రో అనంతపురమున ఉండి ఈ మెట్టభూములను పొలము పొలముగా కొలిపించి శిస్తు నిర్ణయించుచుండెను. ఒకరినొకరు ఎరుగని యీ యిద్దరు థామస్‌లును మట్టినే చదువుచుండిరి.

1804 మార్చి 7వ తేదీన లండనులోని హాచర్డ్ పుస్తకశాలలో ఉద్యానవన సంఘము స్థాపింపబడెను. ఆ సంఘము చేయవలసిన పనులను వివరించు వ్యాసమును వ్రాసినది నైటే. 1811లో ఆయన దాని అధ్యక్షుడై, మరణపర్యంతము ఆ పదవిలో నుండెను. 1809లో అన్న తన డౌన్‌టన్ కోటను, దాని పదివేల యెకరముల భూమిని తమ్మునికి అప్పగించెను. కోటలోనికి మారినను నైట్ అలవాట్లు మారలేదు. 1811లో హెరిఫర్డ్‌షైర్ ఆపిల్, బేరి రకములను వర్ణచిత్రములతో వివరించు గ్రంథమును ప్రకటించెను. ఆ చిత్రములలో కొన్నింటిని ఆయన కుమార్తె ఫ్రాన్సెస్ గీచెను. నశించునని తాను నమ్మిన రకముల రూపమునైన నిలుపవలెనన్న ఆర్తి ఆ గ్రంథమున కనబడును.

యూరప్‌లో నెపోలియన్ యుద్ధములు ముగిసిన పిదప అంటుకొమ్మల రాకపోకలు పెరిగెను. బెల్జియమున వాన్ మోన్స్ అను శాస్త్రజ్ఞుడు కూడ ముసలిరకములు క్షీణించుననియే నమ్మి, వేలకొలది బేరిగింజలను నాటి క్రొత్తరకములను ఏరుచుండెను. అచ్చటి మేలురకముల కొమ్మలు లండను సంఘమునకు వచ్చెను. 1823లో నైట్ బేరికొమ్మలను అట్లాంటిక్ సముద్రమునకు ఆవల మసాచుసెట్స్‌లోని జాన్ లోవెల్‌కు పంపెను. శీతదేశమున బయలు తోటలలోనే పండి, చలికాలమంతయు నిలువయుండు బేరి కావలెనని ఆయన కోరిక. వార్ధక్యమున ఆ కోరికను తీర్చినది మోనార్క్ అను బేరి. అది 1830 ప్రాంతమున కాపునకు వచ్చెను. కాని ఆ అంటుకొమ్మలను పంచునప్పుడు పొరపాటున వేరొక చెట్టు కొమ్మలు చేరి, మోనార్క్ పేరుతో మరియొక రకము తోటలలో వ్యాపించెను. కొమ్మను చూచి రకమును చెప్పుట అసాధ్యము. పండు చూచువరకు ఆగవలసినదే. అంతటి జాగరూకుని చేతినుండియే తప్పుకొమ్మ పోయినదన్నచో, తల్లిచెట్టునకు గుర్తువేసి లెక్కవ్రాసి కాపాడుట యెంత అవసరమో తెలియుచున్నది.

1827లో ఆయనకు మహావిపత్తు సంభవించెను. ఏకైక పుత్రుడు వేటకు పోయినచోట ప్రమాదవశమున తుపాకిదెబ్బకు మరణించెను. ఆ యేడే జూలైలో మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూసెను. ఆయన జ్ఞాపకార్థమై అచ్చట బావి త్రవ్వి తోపు నాటిరి. డౌన్‌టన్‌లో తండ్రి చాలకాలము తోటలోనికి అడుగిడలేదు. చెట్టువంశమును గూర్చి జీవితమంతయు యోచించినవానికి తన వంశమున కొనకొమ్మ విరుగుట యెట్టి దుఃఖమో ఊహింపవలసినదే. పిదప మెల్లగా మరల పనిలోనికి వచ్చెను. 1838 మే 11వ తేదీన లండనులో పరమపదించెను. పుట్టిన వార్మ్‌స్లీ గ్రామముననే ఆయనను సమాధిచేసిరి.

ఆయన సిద్ధాంతము ఆయన బ్రతికియుండగానే వివాదములో పడెను. గోల్డెన్ పిప్పిన్ చావలేదు. ఆయన చెప్పిన గడువు దాటి రెండు శతాబ్దములు గడచినను ఆ చెట్టు ఇంగ్లండులో నేటికిని కాయుచున్నది. ద్రాక్షలోను బేరిలోను అంతకంటె ప్రాచీనమైన రకములు కొమ్మలద్వారా వృద్ధియగుచునే యున్నవి. మరి ఆయన కన్నులార చూచిన క్షయమేమి? కొమ్మలపై పడిన పుండు శిలీంధ్రమువలన కలుగు తెగులని తరువాతివారు కనుగొనిరి. అంతకంటె సూక్ష్మమైన శత్రువు 19వ శతాబ్దాంతమున బయటపడెను. 1892లో ఇవనోవ్‌స్కీయు, 1898లో బైజెరింక్‌యు పొగాకు మొక్కపై పరిశోధించి, వడపోతకు చిక్కని రోగకారకమును గుర్తించిరి. అదియే వైరస్. 1938లో బేరిపండులో గుంటలు పడి, లోన రాయివలె గట్టిపడు తెగులు అంటుద్వారా సంక్రమించునని అమెరికాలో రుజువయ్యెను. చెట్టునకు సహజమైన ముదిమి లేదు. కాని ఒకే కొమ్మను తరతరములు అతుకుచు పోయినచో, దారిలో చేరిన ప్రతి వైరసును ఆ కొమ్మ మూటగట్టుకొని పోవును. తెగుళ్లు ఒకదానిపై నొకటి పేరుకొనును. వెలుపల చూచువానికి అది ముసలితనమువలెనే కనబడును.

విచిత్రమేమనగా, నిదానము తప్పైనను నైట్ చెప్పిన మందు సరియైనదే. పెక్కు వైరస్‌లు గింజలోనికి చొరవు. కనుక గింజనుండి పుట్టిన ఆయన క్రొత్తచెట్లు తలిదండ్రుల తెగుళ్లను వదలించుకొని, నిర్మలముగా జీవితమును ఆరంభించెను. అవి ఆరోగ్యముగా పెరుగుటను చూచి, పడుచుతనమే దీనికి కారణమని ఆయన సంతోషించెను. కాని గింజను నాటినచో రకము మారిపోవును. తాతలనాటి బేరిని బేరిగానే నిలుపుచు, దాని తెగులును మాత్రము తొలగించుట యెట్లు? దీనికి ఉపాయము ఆయన తరువాత నూరేండ్లు దాటిన పిమ్మట దొరకెను. అంటుమొక్కను 37 డిగ్రీల వేడిగల గదిలో కొన్ని వారములు పెంచినచో, వైరస్ వృద్ధి మందగించును. చిగురు దానిని మించి పెరుగును. ఆ చిగురుకొనను కోసి వేరొక మొక్కపై అతుకుదురు. పిదప తెగులును త్వరగా బయటపెట్టు సూచక మొక్కలపై ఆ కొమ్మను కట్టి పరీక్షింతురు. నెగ్గినదానినే తల్లిచెట్టుగా ప్రత్యేకముగా కాపాడుదురు. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్, లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రములు 1960 దశకమున ఈ విధముగా శుద్ధిచేసిన కొమ్మలను తోటలకు పంచిరి.

ఈ కథలో చీనీరైతునకు ఏమి సంబంధమని అడుగవచ్చును. 1975లో ఆంధ్రదేశపు బత్తాయితోటలలో ఆకు ఈనెల వెంబడి పసుపుచారలు పడు మొజాయిక్ తెగులు అంటుద్వారా సంక్రమించునని శాస్త్రజ్ఞులు వర్ణించిరి. 1996లో దానివెంట ఒక బాడ్నావైరస్ కలదని గుర్తించిరి. అది తోటనుండి తోటకు ప్రయాణము చేయు ముఖ్యవాహనము కన్నుపుల్లయే. ఎక్సోకార్టిస్ అను తెగులు మరింత మాయలాడి. తల్లిచెట్టుపై దాని జాడయే కనబడకపోవచ్చును; ఆ కంటిని రంగపూరు నిమ్మపై కట్టిన కొన్నేండ్లకు మొదటి బెరడు పెచ్చులూడి, చెట్టు గిడసబారును. అది అంటుకట్టువాని కత్తిమీదుగా కూడ ఒక మొక్కనుండి మరొక మొక్కకు పోవును. ఇవన్నియు కరవునాట కరవురూపముననే కనబడును. హెరిఫర్డ్‌షైర్ రైతు ముదిమిని నిందించినట్లు అనంతపురపు రైతు వానను నిందించును.

అయితే నైట్ కలగన్న వరమొకటి ప్రకృతి నిమ్మజాతికి ఇచ్చినది. బత్తాయిగింజలో ఒకటికి మించిన పిండములుండును. వాటిలో పెక్కు పుప్పొడితో పనిలేకయే తల్లి కణములనుండి పుట్టును. అట్టి పిండమునుండి మొలచిన మొక్క అచ్చముగా తల్లియే; గింజదారిన వచ్చినది గనుక తల్లి వైరస్‌లు సాధారణముగా దానికి రావు. రకము మారదు, తెగులు రాదు. కాని దానికి ముండ్లు మెండు, కాపు ఆలస్యము. పసితనము కొమ్మతో వచ్చునన్న నైట్ మాట ఇచ్చట నిజమగును. ఈ ఆలస్యమును తప్పించుటకే 1970 దశకమున క్రొత్త ఉపాయము పుట్టెను. చిగురు చివర మిల్లీమీటరులో పదవవంతో రెండువంతులో ఉండు కొనను సూక్ష్మదర్శినితో కోసి, గాజుగొట్టములో పెరుగు మొలకపై అతుకుదురు. ఆ కొనలోనికి వైరస్ సామాన్యముగా ఇంకను చేరియుండదు. కాపుకాచు చెట్టు వయస్సును చెడదు, తెగులును తొలగును.

నైట్ తన తోటలో వేసికొన్న ప్రశ్న నేటి రైతు నర్సరీ గుమ్మములో వేయదగినదే. ఈ కన్ను ఏ చెట్టుది? ఆ చెట్టు ఎన్నియేండ్లుగా కాయుచున్నది? దానిని ఎవరు, ఎప్పుడు పరీక్షించిరి? కత్తిని దేనితో కడిగిరి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని మొక్కను ఎంత చవుకగా ఇచ్చినను అది చవుక కాదు. వాన రైతు చేతిలో లేదు. భూగర్భజలము ఒక్క రైతు చేతిలో లేదు. కన్నుపుల్ల మాత్రము, నాటుటకు ముందు ఒక్క దినము, అతని చేతిలోనే యుండును.